టీ మీద పడే నింద, పాల ప్యాకెట్ మీద పోయే రూపాయి

నెలాఖరుకు చేతిలో డబ్బు నిలవని ఇంట్లో ముందుగా నింద పడేది టీ మీద. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పనిచేసే మనిషి రోజుకు రెండు టీలు తాగుతాడనుకుందాం. టీ 12 రూపాయలు, నెలకు 26 పనిదినాలు. మొత్తం 624 రూపాయలు. అదే ఇంటికి పొద్దున్నే వీధి చివర కొట్టు నుంచి రెండు పాల ప్యాకెట్లు వస్తాయి. ప్యాకెట్ మీద అచ్చువేసిన ధర మీద ఒక్కో రూపాయి 'కూలింగ్' కింద కొట్టులో అదనంగా తీసుకుంటారు. రోజుకు రెండు రూపాయలు, ఏడాదికి 730. టీ తాగినవాడికి పది నిమిషాల విరామం దక్కింది, నలుగురితో మాట దక్కింది. పాల ప్యాకెట్ మీద పోయిన 730 రూపాయలకు బదులుగా ఏదీ రాలేదు. అసలు అది ఎవరూ అనుకుని పెట్టిన ఖర్చే కాదు.

చిల్లర ఖర్చుల గురించి ఆలోచించేటప్పుడు మొదట పట్టుకోవాల్సిన తేడా ఇదే. తెలిసి, ఇష్టపడి పెట్టే ఖర్చు ఒకటి. తెలియకుండా, అలవాటుగా, ఆలస్యం వల్ల, మరుపు వల్ల పోయేది ఇంకొకటి. పొదుపు సలహాలు చాలావరకు మొదటిదాని మీద పడతాయి: టీ మానండి, సినిమా మానండి, సాయంత్రం పునుగులు మానండి. అందుకే అవి రెండు వారాలు కూడా నిలవవు. ఇష్టమైనదాన్ని తీసేస్తే మనసు ఎదురు తిరుగుతుంది. రెండో రకాన్ని తీసేస్తే లోటే తెలియదు. అందుకని మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

ఇంకో పొరపాటు ధరను చూసి ఖర్చును కొలవడం. 15 రూపాయలంటే చిన్నదనిపిస్తుంది. రోజూ అయితే అది ఏడాదికి 5,475. నెలకోసారి హోటల్లో 800 పెట్టి తినే కుటుంబానికి ఏడాదికయ్యేది 9,600. ఈ రెండోది కళ్ళకు కనిపిస్తుంది, ఇంట్లో మాటకు వస్తుంది. మొదటిది రాదు. ధరను ఏడాదిలో ఎన్నిసార్లో దానితో హెచ్చవేస్తే తప్ప ఏది పెద్దదో తేలదు.

లెక్క తీయడానికి పాత పద్ధతి పద్దు పుస్తకం. అది ఇప్పటికీ మంచిదే. అయితే 2016లో యూపీఐ వచ్చాక డబ్బు నోటు రూపంలో చేతి నుంచి కదలడం తగ్గిపోయింది. పర్సులో వంద నోటు తరిగిపోతుంటే కన్ను పట్టేది. ఫోనులో అంకె తరిగిపోతుంటే పట్టదు. మంచి సంగతి ఏమిటంటే ప్రతి చెల్లింపుకూ జాడ మిగులుతుంది. ఆ జాడ వెంట వెళ్ళాలి. బ్యాంకు యాప్‌లో మూడు నెలల స్టేట్‌మెంట్ దించుకుని, 200 రూపాయల లోపు డెబిట్లన్నీ వేరు చేయాలి. ఒక్క నెల చాలదు. జీతం పడిన మొదటి పది రోజుల ఖర్చు తీరు వేరు, ఇరవయ్యో తేదీ తర్వాత తీరు వేరు. పండగ వచ్చిన నెల అసలే కొలమానం కాదు.

ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. మొదటిది పేర్లు. స్టేట్‌మెంట్‌లో చాలాసార్లు కొట్టు బోర్డు మీది పేరు కనపడదు. క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు ముడిపడి ఉందో ఆ మనిషి పేరు కనపడుతుంది. గవర్నర్‌పేటలో జ్యూస్ తాగితే ఎవరిదో ఇంటిపేరుతో సహా వస్తుంది. మూడు వారాల తర్వాత అదేమిటో గుర్తుండదు. దీనికి విరుగుడు చెల్లించే సమయాన్ని చూడటం. ఉదయం 10.40కి 12, సాయంత్రం 5.15కి 30, రాత్రి 8.20కి 105 అని వరసగా కనపడితే టీ, టిఫిను, కర్రీ పాయింట్ వాటంతటవే తేలిపోతాయి. ఒకే పేరు నెలలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, మొత్తాన్ని పక్కన రాస్తే ఏ అలవాటు ఎంత తింటోందో గంటలో తెలుస్తుంది.

రెండోది యూపీఐ లైట్. పిన్ కొట్టకుండా చిన్న మొత్తాలు చెల్లించే ఏర్పాటు ఇది. ఒక్కోసారికి 1,000 రూపాయల వరకు, వాలెట్‌లో 5,000 వరకు ఉంచుకోవచ్చు. ఇందులో పెట్టిన ఖర్చులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో విడివిడిగా రావు. వాలెట్‌లోకి డబ్బు వేసినప్పటి ఒక్క ఎంట్రీ మాత్రమే వస్తుంది. 2,000 ఒకసారి వేసి 70 చోట్ల ఖర్చుచేస్తే పాస్‌బుక్‌లో కనపడేది ఒక్క వరుస. పైగా ఆటో టాప్-అప్ పెట్టి ఉంటే వాలెట్ ఖాళీ అయినప్పుడల్లా తనంతట తానే నిండుతుంది. అడుగు లేని కుండ అది. ఆ యాప్‌లోనే లైట్ హిస్టరీని విడిగా తెరిచి చూడాలి. ఆటో టాప్-అప్‌ను ఈరోజే ఆపేయాలి. నిజానికి ఆటో టాప్-అప్ లేని లైట్ వాలెట్ చాలా మంచి సాధనం. సోమవారం పొద్దున 600 వేసి, ఆ వారం చిల్లర అంతా అందులోంచే పెడితే గురువారానికి ఎంత మిగిలిందో చూసుకుంటూ నడవచ్చు. పాత రోజుల్లో పోపుల డబ్బాలో దాచిన డబ్బు చేసిన పని ఇది చేస్తుంది.

ఇష్టం లేకుండా పోయేవాటిలో బ్యాంకు కోతలది పెద్ద వాటా. విజయవాడ, గుంటూరు రిజర్వు బ్యాంకు లెక్కలో మెట్రోలు కావు కాబట్టి సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5, ఇతర బ్యాంకుల్లో 5 లావాదేవీలు ఉచితం. హైదరాబాద్ వెళ్ళి ఇతర బ్యాంకు ఏటీఎం వాడితే అక్కడ 3 మాత్రమే. నిల్వ ఎంత ఉందో చూసుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. చాలామంది పప్పులో కాలేసేది అక్కడే. పరిమితి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి 23 రూపాయల వరకు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 27 పైన పోతుంది. డెబిట్ కార్డు ఏడాది రుసుము 200 అయితే జీఎస్టీతో 236. వాడని రెండో ఖాతాకు కూడా కార్డు ఉంటే ఇంకో 236. జీతం ఖాతా మారినప్పుడు పాత ఖాతాను మూసేయకుండా వదిలేసే అలవాటు వల్ల ఇలాంటివి ఏళ్ళ తరబడి సాగుతాయి.

ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు ఏటా మే నెలాఖరులో ఖాతా నుంచి కోసుకుంటారు. ఇవి రెండూ తీసుకోదగ్గవే, తీసేయాల్సినవి కావు. కానీ ఒక మనిషికి ఒక ఖాతా ద్వారానే ఇవి వర్తిస్తాయి. రెండు బ్యాంకుల్లో సంతకం పెట్టి రెండుచోట్లా ప్రీమియం పోతున్నా బీమా మాత్రం 2 లక్షలే. రెండోసారి కట్టింది దండగ. మే చివరి వారంలో ఖాతాలన్నిటిలో ఈ కోత ఎక్కడెక్కడ పడిందో చూసి, ఒకటి ఉంచి మిగతా చోట్ల బ్యాంకుకు రాసిచ్చి ఆపించాలి.

ఒకసారి అనుమతిస్తే నెలనెలా తనంతట తానే డబ్బు కోసుకునే ఆటోపే కథ ఇంకా సూక్ష్మం. ఒక్క రూపాయికి వారం ట్రయల్ అని ఏదో యాప్ అడుగుతుంది, పిన్ కొడతాం. ఆ పిన్ ఒక్క రూపాయికి కాదు, నెలనెలా 149కో 299కో ఇచ్చిన అనుమతి. 15,000 వరకు ఇలాంటి కోతకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. కోతకు 24 గంటల ముందు సందేశం రావాలన్న నియమం ఉంది, వస్తుంది కూడా. కానీ ప్రకటనల సందేశాల గుంపులో ఎవరికీ కనపడదు. ఫోను నుంచి యాప్‌ను తీసేస్తే అనుమతి రద్దయిందనుకోవడం అందరూ చేసే తప్పు. రద్దు కాదు. యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి, ఆటోపే విభాగంలో అమల్లో ఉన్న అనుమతుల జాబితా చూసి, అక్కర్లేనిదాన్ని అక్కడే రద్దుచేసి పిన్ కొట్టాలి. ఫోనులో రెండు మూడు యూపీఐ యాప్‌లు ఉంటే ఒక్కొక్కదానిలో విడిగా చూడటం మంచిది. కార్డు ద్వారా ఇచ్చిన అనుమతులు, యాప్ స్టోర్ ద్వారా కట్టేవి వేరే చోట్ల ఉంటాయి. ఒక కుటుంబంలో నాలుగు ఫోన్లు ఉంటే ఆదివారం మధ్యాహ్నం కూర్చుని నాలుగూ చూడటానికి గంట పడుతుంది. అంతకంటే లాభసాటి గంట ఇంటి లెక్కల్లో మరొకటి దొరకడం కష్టం.

మొబైల్ రీఛార్జ్ గురించి ఒక్క మాట. 28 రోజుల ప్లాను నెల ప్లాను కాదు. 365ను 28తో భాగిస్తే 13. అంటే ఏడాదికి పదమూడు నెలల అద్దె కడుతున్నట్టు. 300 రూపాయల ప్లానైతే ఒక్కో సిమ్‌కు 300 అదనం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి సంస్థా కనీసం ఒక 30 రోజుల ప్లాను ఇవ్వాలి. దానికి, 84 రోజుల దానికి రోజువారీ ధర కట్టి పోల్చుకోవాలి. ఓటీపీల కోసమే ఉంచుకున్న రెండో సిమ్‌కు రోజుకు రెండు జీబీ డేటా వేయించడం మాత్రం ఏ లెక్కన చూసినా వృథా.

ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. పాలైనా, నీళ్ళ బాటిలైనా, కూల్‌డ్రింకైనా చల్లబరిచినందుకు పైన తీసుకోవడం చట్టవిరుద్ధం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. వీధి కొట్టుతో రోజూ ముఖాలు చూసుకునే బంధం కాబట్టి చాలామంది గొడవెందుకని ఊరుకుంటారు. గొడవ పడకుండానే దారి ఉంది. పాలు కంపెనీ బూత్ నుంచి తెచ్చుకోవచ్చు, లేదా నెల లెక్కన ఇంటికి వేయించుకుని అచ్చు ధరకే మాట్లాడుకోవచ్చు. ఎండాకాలంలో బయటికి వెళ్ళేటప్పుడు లీటరు సీసా నింపుకుని వెళ్తే రోజుకు 20 మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకు రోజుకు రెండు బాటిళ్ళు కొనేవాళ్ళకు అది నెలకు 1,000 దాటుతుంది.

ఇక కోస్తా జిల్లాల పట్టణ జీవితానికే ప్రత్యేకమైన ఖర్చు కర్రీ పాయింట్. దీన్ని తిట్టిపోయడం అన్యాయం. గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదువుకునే కుర్రాడికి, ఒంటరిగా ఉండే ఉద్యోగికి కుక్కర్‌లో అన్నం వండుకుని 40 రూపాయల కూర తెచ్చుకోవడం చాలా తెలివైన పని. ఒక్కరి కోసం కూర వండితే సరుకులకే 25, 30 అవుతుంది, ముప్పావు గంట పోతుంది. యాప్‌లో భోజనం తెప్పించుకోవడంతో పోలిస్తే కర్రీ పాయింట్ ఎంతో నయం. నలుగురున్న ఇంట్లో లెక్క తిరగబడుతుంది. టమాటా పప్పే తీసుకుందాం. కందిపప్పు 150 గ్రాములు, కిలో 140 లెక్కన 21. పావుకిలో టమాటాలు 8 నుంచి 10. నూనె, పోపు, గ్యాసు కలిపి 12 అనుకుందాం. మొత్తం 43 రూపాయలతో నలుగురూ తింటారు. బయట 40కి వచ్చే కవరు ఇద్దరికి సరిపోతే గొప్ప.

అసలు కన్నం అది కాదు. ఆ ఇంట్లో వండుకోవడానికి సరుకు లేక కర్రీ పాయింట్‌కు వెళ్ళరు, సరుకు ఉండగానే వెళ్తారు. ఆదివారం పొద్దున రైతుబజారుకు వెళ్ళి, ధరల బోర్డు చూసి, చవకగా ఉన్నాయని 400 రూపాయల కూరగాయలు తెస్తారు. నాలుగు కట్టల తోటకూర, రెండు కట్టల గోంగూర, కిలో బెండకాయలు. సోమవారం వండుతారు, మంగళవారం వండుతారు. బుధవారం ఆఫీసు నుంచి ఆలస్యం. ఫ్రిజ్‌లో తోటకూర కవరు లోపల నీరు పట్టి నల్లబడుతుంటుంది, బల్ల మీద కర్రీ పాయింట్ తోటకూర పప్పు కవరు ఉంటుంది. ఒకే కూరకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు. వారానికి తెచ్చినదాంట్లో పావు వంతు చెత్తబుట్టలోకి వెళ్ళినా నెలకు 400. నెలకు పన్నెండు సాయంత్రాలు 105 చొప్పున కవర్లు తెస్తే 1,260. రెండూ కలిపి 1,660. ఇది ఒకే అలవాటుకు రెండు ముఖాలు. స్టేట్‌మెంట్‌లో మాత్రం ఒకటి రైతుబజారు కింద 'పొదుపు'గా, ఇంకొకటి తప్పనిసరి తిండి ఖర్చుగా కనపడతాయి.

దీన్ని సరిచేయడానికి వంట మీద ఉపన్యాసం పనికిరాదు. కొనే వరస మార్చాలి. ఆకుకూరలు మొదటి రెండు రోజులకు సరిపడా, రెండు కట్టలకు మించకుండా. బెండ, వంకాయ మూడు నాలుగు రోజులకు. వారం చివరికి దొండ, సొర, అరటికాయ, కంద, బంగాళాదుంప లాంటి నిలవుండేవి. అలిసిపోయే రోజు ఏదో ఆ ఇంటికి ముందే తెలుసు. ఆ రోజుకు కందిపొడి, నెయ్యి, ఊరగాయ అని ముందే అనుకుంటే కర్రీ పాయింట్ దాకా కాలు పోదు. గుంటూరు ఇంట్లో ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి ఉండగా రాత్రి భోజనానికి 105 రూపాయల లోటు ఉండదు. వారానికి ఒకరోజు కర్రీ పాయింట్ అని ముందే లెక్కలో రాసుకున్నా తప్పులేదు. అప్పుడది తెలిసి పెట్టిన ఖర్చు.

బియ్యం విషయంలో చిన్న మెలిక ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ బరువుతో ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. 26 కిలోల బస్తాలు మార్కెట్‌లోకి వచ్చింది అందుకే. అయిదు కిలోల ప్యాకెట్లు అయిపోయినప్పుడల్లా తెచ్చుకునే ఇంట్లో ఆ పన్ను, దానిపైన చిన్న ప్యాకింగ్ ధర రెండూ పడతాయి.

పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు లాగేది డెలివరీ రుసుముతో కాదు, దాన్ని తప్పించుకునే ప్రయత్నంతో. పెరుగు, కొత్తిమీర కలిపి 120 అవుతుంది. 199 దాటితే డెలివరీ ఉచితం. 25 రూపాయలు ఎగ్గొట్టాలని 80 రూపాయల చిప్స్ కలుపుతారు. 25 కట్టేసి ఊరుకుంటే 55 మిగిలేది. ఇంకా మిగలాలంటే వీధి చివరికి నడవాలి.

ఆలస్యానికి కట్టే ధరను ఎవరూ పద్దులో రాయరు. పొద్దున పది నిమిషాలు ఆలస్యమైతే 20 రూపాయల షేర్ ఆటో బదులు 70 పెట్టి బైక్ ట్యాక్సీ ఎక్కుతారు. నెలకు ఎనిమిదిసార్లయితే 400. మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్ళకు ఈ తేడా ఇంకా పెద్దది. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ వచ్చేవాళ్ళు ఒకటి గమనించాలి: నాన్‌స్టాప్ బస్సులకు ఆ పథకం వర్తించదు. ఎక్స్‌ప్రెస్ వేళ చూసుకుని కాస్త ముందు బయలుదేరడానికి వచ్చే ప్రతిఫలం నెలాఖరుకు చిన్నదేమీ కాదు. రైల్లో వచ్చే మగవాళ్ళు రోజూ టికెట్ కొనడం మాని సీజన్ టికెట్ తీసుకోవాలి.

కరెంటులో వాడకం కంటే శ్లాబు ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. సర్దుబాటు చార్జీలు వేరు. మే నెలలో 225 దాటిన ఇంట్లో ఏసీ రోజుకు ఒక గంట ఎక్కువ నడిస్తే, గంటకు 1.2 యూనిట్ల లెక్కన నెలకు 36 యూనిట్లు, 315 రూపాయలు. పగలూ రాత్రీ వెలిగే సెట్‌టాప్ బాక్సు 10 వాట్లదైతే నెలకు 7 యూనిట్లు, 60 పైన.

ఇలా తడిసి మోపెడైన చిల్లర నెలాఖరులో చేబదులుగా మారినప్పుడు అసలు నష్టం మొదలవుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి 5,000 తెస్తే నెలకు 150, అంటే ఏడాదికి 36 శాతం. క్రెడిట్ కార్డులో 10,000 బాకీ ఉంచి కనీస మొత్తం మాత్రమే కడితే, నెలకు 3.5 శాతం చొప్పున 350, దానిమీద జీఎస్టీ 63. పైగా కొత్తగా కొన్నవాటికి ఇచ్చే వడ్డీలేని గడువు కూడా పోతుంది. చిన్న వ్యాపారులు, ఆటో నడిపేవాళ్ళు తీసుకునే రోజువారీ ఫైనాన్స్ ఇంకా బరువు. 10,000 అని చెప్పి చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తే పైకి పది శాతంలా ఉంటుంది. కానీ అసలు రోజూ తరుగుతూ ఉంటుంది కాబట్టి నిజమైన వడ్డీ నూటికి నెలకు ఆరు రూపాయలు దాటుతుంది, ఏడాదికి 75 శాతం పైమాట. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ (అడిగిన వెంటనే కట్టాల్సిన అధిక వడ్డీ అప్పుల) దారుణాలు ఇలాంటి అవసరాలు ఎంతదూరం లాక్కెళ్ళగలవో చూపించాయి. అందుకే అప్పు ఉన్న ఇంట్లో చిల్లర ఖర్చుల్లో మిగిలిన ప్రతి రూపాయీ ముందు అటే పోవాలి, డిపాజిట్‌లోకి కాదు.

అప్పు లేని ఇంట్లో మిగిల్చిన డబ్బు ఖాతాలోనే ఉంచితే అది ఇంకో చిల్లరగా కరిగిపోతుంది. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు పోయేలా పెట్టాలి. ఆటోపేలు, కోతలు, కర్రీ పాయింట్ కలిపి నెలకు 2,000 మిగులుతుందని లెక్క తేలినా మొదట 1,000కే తెరవడం మంచిది. అత్యాశతో మొత్తం పెడితే మూడో నెలలో వాయిదా తప్పుతుంది, మళ్ళీ చేబదులు. జూన్‌లో తెరిచిన పన్నెండు నెలల డిపాజిట్ మళ్ళీ జూన్‌లో చేతికొస్తుంది, సరిగ్గా బడులు తెరిచే వేళకు, పుస్తకాలూ యూనిఫాంలూ కొనాల్సిన వారానికి.